బావ వెనక సైకిల్

నాకు షుగర్ ఉందని పొద్దున తేలింది. సాయంత్రానికల్లా సైకిల్ క్లబ్బు అధ్యక్షుడు మా ఎరువుల షాపు మెట్లెక్కాడు. నంద్యాలలో రక్తపరీక్ష కాగితం మనం ఇల్లు చేరేలోపు ఊరంతా తిరిగి వస్తుంది. ఆయన కాలువల శాఖలో ఇంజనీరుగా రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ పొలానికీ అదనుకు నీళ్ళు వదిలిన పాపాన పోలేదు గానీ, ఇప్పుడు పొద్దున ఐదున్నరకు ఎవరైనా రాకపోతే వాట్సాప్ గ్రూపులో దుమ్మెత్తిపోస్తాడు.

“ఏమప్పా, షుగరొచ్చిందంట గదా! మంచిదే. సోమారం నుంచి వచ్చెయ్. ఆదివారం ఆళ్లగడ్డ దాకా పోతాండాం. ఆడిదాకా పోయొచ్చినోడికే క్లబ్బులో మెంబర్‌షిప్పు” అన్నాడు.

షుగర్ వచ్చినందుకు నన్ను అభినందించిన మొదటి మనిషి ఆయనే. ఒళ్ళంతా పట్టేసే నారింజరంగు డ్రెస్సు ఒకటి చేతిలో పెట్టాడు. దాని వీపు మీద బోరు మోటార్ల ప్రకటన ఉంది. సోమవారం చీకటితో అది తొడుక్కుని బయటికి వస్తే మా ఆవిడ తలుపు పట్టుకుని నవ్వింది. “మోటారు ఎన్ని హార్స్‌పవరో కూడా రాసింటే బాగుండు” అంది. ఆ బట్టల్లో ఉన్న మనిషి కోపగించుకున్నా ఎవరూ లెక్కచెయ్యరు.

అందరూ చేరే చోటికి వెళ్ళేసరికి నాకు షుగరని చెప్పిన డాక్టరే పంపగా, అదే రంగు డ్రెస్సులో, మా బావ నిలబడి ఉన్నాడు.

మా అక్క మొగుడాయన. హైస్కూలు హెడ్మాస్టరు. మా ఇంటికి మూడు వీధుల అవతల ఉంటారు. మూడేళ్ళుగా మాకు మాటల్లేవు. నేను కొత్తిల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకున్నప్పుడు, భార్యాభర్తలం వెళ్ళి బొట్టు పెట్టి పిలవాల్సింది పోయి, టైల్సు వాళ్ళు, కరెంటు వాళ్ళు, వంటవాళ్ళు పీక్కు తింటుంటే ఫోన్ చేసి పిలిచాను. సొంత బావే కదా అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. ఆయన మాత్రం, “ఫోన్ల పిలుస్తాడా? నేనేమన్నా గ్యాస్ సిలిండర్నా, బుక్ చేసుకునేకి?” అన్నాడట. రాలేదు. రాకపోతే పోనీ అని నేనన్నాను. ఆ మాటను ఆయన చెవిన వేయడానికి మా బంధువులు పోటీలు పడ్డారు. ఇక ఆయన అక్కను మా గడప తొక్కనివ్వలేదు.

అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నన్ను చంకనేసుకుని తిప్పింది. ఇల్లు కట్టేటప్పుడు ఏ గది ఎటు ఉండాలో సలహాలన్నీ ఆమెవే. ఆ ఇంట్లో ఆమె ఇంతవరకు అడుగు పెట్టలేదు. పండగ పూట విస్తళ్ళు వేసేటప్పుడల్లా నాకు అది గుర్తొచ్చి అన్నం సయించదు. అయినా తగ్గలేదు. తగ్గడమంటే మా వైపు మగవాళ్ళకు చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు.

క్లబ్బు వ్యాయామం గురించి చెప్పాలి. సోమవారం మహానంది దాకా తొక్కాం. కోనేటి చల్లదనం తగిలేలోపే హోటల్లో కూర్చున్నాం. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, ఆ తర్వాత నెయ్యి దోసె, ఆ తర్వాత “ఇంత కష్టపడినాం గదా” అంటూ జిలేబి. షుగర్ తగ్గించుకోవడానికి ఏర్పడిన సంఘం అది. తిన్నదానికంటే ఎక్కువసేపు ఫోటోలు దిగాం. మంగళవారం ఇంకో హోటలు. నా చొక్కా బొత్తాలు వారం మధ్యకల్లా బిగుతయ్యాయి.

బుధవారం బెంగుళూరు అబ్బాయి మాకు పాఠం చెప్పాడు. బెంగుళూరు కంపెనీకి ఇంటి నుంచే కంప్యూటరు ఉద్యోగం చేసుకునే ఆ అబ్బాయి ఒక్కడే క్లబ్బులో నిజంగా సైకిల్ తొక్కేవాడు.

“అందరూ ఒకరెనకాల ఒకరు పోవాలన్నా. ముందు పోయేటోడు గాలిని చీల్చుకుంటా పోతాడు. ఎనకోళ్ళకు గాలి తగల్దు, చానా కష్టం తగ్గుతాది. ముందున్నోడు అలిసిపోతే మోచెయ్యి ఆడిస్తాడు. అప్పుడు ఎనకోడు ముందుకు రావాల. అంతే.”

అందరూ శ్రద్ధగా విన్నారు. తర్వాత మాలో పత్తిమిల్లు ఓనరు ఒకాయన పక్కవాణ్ణి చూపించి అడిగాడు. “అంటే నన్ను ఈయప్ప ఎనక పొమ్మంటాండావా?”

“కొంచేపే అన్నా.”

“మా నాయన ఎవురెనకా పోలేదప్పా.”

“ఇది సైకిలన్నా!”

“సైకిలైతే?”

పాఠం అక్కడితో ముగిసింది. వెనక వెళ్ళడానికి ఒక్కడూ ఒప్పుకోలేదు. పొరపాటున ముందుకు వచ్చినవాడు మోచెయ్యి ఒంటికి కట్టేసుకున్నట్టు బిగించి పెట్టుకున్నాడు. చివరికి అందరమూ పక్కపక్కనే రోడ్డంతా పరుచుకుని, పెళ్ళి ఊరేగింపులా కదిలాం. కోవెలకుంట్ల బస్సు డ్రైవరు హారన్ కొట్టి కొట్టి తల బయటపెట్టి, “రోడ్డు మీ తాతదాప్పా?” అని అరిచాడు. మాలో ఒకాయన కాంట్రాక్టరు. గర్వంగా, “నేనేసిందే!” అన్నాడు. అది విన్నాక డ్రైవరుకు గుంతలన్నీ గుర్తొచ్చినట్టున్నాయి, ఇక్కడ రాయలేని మాటలన్నాడు.

ఆ వరసలో నేను ఒక చివర, బావ ఇంకో చివర. మాట్లాడాల్సి వస్తే అధ్యక్షుడి ద్వారానే. నేను పక్కనే నిలబడి ఉండగా, “ఆయప్ప టైర్ల గాలి తక్కువుందని చెప్పు సార్” అంటాడు బావ. “సరిపడా ఉందని చెప్పండి సార్” అంటాను నేను. నిజానికి తక్కువే ఉంది. ఇంటికెళ్ళి తలుపేసుకుని కొట్టుకున్నాను.

శనివారం సాయంత్రం కూరగాయల మార్కెట్లో మా ఆవిడకు అక్క కనబడింది. “రేపు ఇద్దరూ ఆళ్లగడ్డకు పోతాండారంట గదా. అంత దావలో ఒక్క మాటన్నా మాట్లాడుకోమని చెప్పు మీ ఆయనకు. నాకు యాష్టొచ్చింది మే, ఇంగ ఓపిక లేదు” అని కళ్ళు తుడుచుకుందట. ఆ మాట విని నేను రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. ఎలాగైనా మాట్లాడాలనుకున్నాను. కాకపోతే ముందు ఆయన మాట్లాడాలి.

ఆదివారం ఆషాఢం గాలి ఊరు దాటగానే ముఖం మీద కొట్టింది. నల్లరేగళ్ళ మీదుగా అడ్డూ ఆపూ లేకుండా వచ్చే గాలి అది. తొక్కుతుంటే సైకిలు నిలబడిపోతోంది. మా వెనక నీళ్ళ క్యాన్లు, అరటిపండ్లతో క్లబ్బు వాళ్ళ గూడ్స్ ఆటో వస్తోంది. పత్తిమిల్లు ఓనరుకు ముందుగా మోకాలు గుర్తొచ్చింది, సైకిలుతో సహా ఆటో ఎక్కాడు. కాంట్రాక్టరుకు చైన్ సరిగ్గా లేదు. ఇంకొకాయనకు వియ్యంకుడు ఫోన్ చేశాడు. ఆటోలో అందరూ బాగున్నారో లేదో చూడ్డానికి అధ్యక్షుడూ ఎక్కాడు. బెంగుళూరు అబ్బాయి ఎప్పుడో కంటికి కనబడనంత దూరం వెళ్ళిపోయాడు. రోడ్డు మీద నేనూ బావా మిగిలాం.

బావ ఎక్కితే నేనూ ఎక్కేవాణ్ణి. నేనెక్కితే ఆయనా ఎక్కేవాడు. ఇద్దరమూ ఎక్కలేదు. చూసి చూసి ఆటో ముందుకు పోయింది.

శిరివెళ్ళ దాటాక ఆయన నాకంటే కొంచెం ముందుకు వెళ్ళాడు. ఆయన వెనక ఉంటే నాకు గాలి తగలదు. ఆ సంగతి తెలిసే పక్కకు జరిగి, గాలి ఎక్కడ బాగా కొడుతుందో అక్కడ తొక్కాను. అంతలో వెనకనుంచి లారీ వచ్చి హారన్ కొడితే ఎడమకు సర్దుకోక తప్పలేదు. ఆయన వీపు వెనకకు వచ్చిపడ్డాను.

చెవుల్లో హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. కాళ్ళు తేలికయ్యాయి. ఊపిరి అందింది. లారీ వెళ్ళిపోయింది, నేను మాత్రం పక్కకు జరగలేదు. సిగ్గేసింది, హాయిగానూ ఉంది. నేను వెనక ఉన్నానని ఆయనకు తెలుసు. ముందుకు దూసుకుపోయి నన్ను గాలికి వదిలెయ్యొచ్చు. వదల్లేదు. తల తిప్పకుండానే వేగం తగ్గించాడు.

కొంతసేపటికి ఆయన మోచెయ్యి కదిలింది. ఈగను తోలుకుంటున్నాడనుకున్నాను. మళ్ళీ గట్టిగా ఆడించాడు.

“మోచెయ్యి కనపల్యా? ముందుకు రా! సచ్చిపోతాండా ఈడ!”

మూడేళ్ళ తర్వాత మా బావ నాతో అన్న మొదటి మాట అది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గాలివల్ల అని చెప్పుకోవచ్చు గానీ, గాలివల్ల కాదు. “వస్తాండా బావా” అని ముందుకు పోయాను.

అలా మార్చుకుంటూ ఆళ్లగడ్డ చేరేసరికి, ఆటోలో వచ్చినవాళ్ళు సైకిళ్ళు దించుకుని, చేతులు పైకెత్తి ఫోటో దిగి, గ్రూపులో పెట్టేసి, టిఫిన్ కూడా ముగించారు. అందరికీ మెంబర్‌షిప్ వచ్చింది. ఫోటోలో మేమిద్దరం లేము కాబట్టి మా విషయం కమిటీ పరిశీలిస్తుందట.

తిరుగుదారిలో గాలి వెనకనుంచి తోసింది. “ఇంటికొచ్చి నీళ్ళు తాగి పో” అన్నాడు బావ. ఒంటినిండా ఉప్పు తేలిన నారింజరంగు మనుషులిద్దరు గుమ్మంలో కలిసి నిలబడితే అక్క ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను ఉషారుగా మొదలుపెట్టాను.

“బావా, ఈసారి పద్ధతిగా నేనూ మా ఇంటామే వచ్చి, బొట్టు పెట్టి పిలుస్తాం.”

“ఆషాఢంల వద్దప్పా. శ్రావణం రానీ” అన్నాడు బావ పెద్దరికంగా.

“శుక్రవారమైతే మంచిదేమో?”

“పంచాంగం చూపిచ్చి చెప్తా.”

అక్క నా చేతిలోంచి చెంబు తీసుకుని కింద పెట్టింది. చెప్పులేసుకుంది.

“యాడికి?” అన్నాడు బావ.

“ఆ ఇంటికి. పిలుపు, మర్యాద అనుకుంటా మీరు మీరు చూసుకుంటిరి. నీకు పోవాలని ఉందా అని ఈయప్ప అడగల్యా. నీకు రావాలని ఉందా అని నువ్వడగల్యా రా. ఇంగో నెల నేను కూసోలేను.”

వెనక్కి చూడకుండా నడిచింది. మేమిద్దరం సైకిళ్ళు తోసుకుంటూ వెంట వెళ్ళాం. వీధిలో జనం మా బట్టలు చూసి నవ్వుతున్నా అక్క పట్టించుకోలేదు.

మా ఆవిడ ఏడుస్తూనే ఎదురొచ్చింది. అక్క ఒక్కో గదీ నిదానంగా తిరిగింది. హాల్లో చెమ్మకు పొక్కులొచ్చి రాలుతున్న సున్నం దగ్గర ఆగి, దాని మీద అరచెయ్యి పెట్టింది. నేనూ బావా గుమ్మం దగ్గరే నిలబడిపోయాం.

“కొత్తిల్లు చూద్దామని చానా ఆశుండె రా నాకు” అంది అక్క. “పాతదైపోయింది.”