బొట్టు పెట్టిన క్లాంపు

బాయిలర్లు, ఆవిరి పైపులు తనిఖీ చేయడం నా ఉద్యోగం. ఇవాళ పొద్దున తెనాలి నుంచి చెరుకుపల్లి వైపు ఓ ఉప్పుడు బియ్యం మిల్లుకి వెళ్లాను. పోయినసారి అక్కడ ఆవిరి పైపుకి చిల్లు పడితే, మిల్లు ఆపి పైపు ముక్క మార్చేదాకా ఉంటుందని చిల్లు మీద ఇనప పట్టీలాంటి ఓ క్లాంపు బిగించాం. మిల్లు ఆపితే కదా! ఇవాళ చూద్దును కదా, క్లాంపుకి సిల్వర్ పెయింటు, దాని మీద పసుపు, కుంకుమ. అంచు నుంచి సన్నగా ఆవిరి.

"ఇంకా మార్చలేదేంటండీ?" అన్నాను.

"దసరాకి పూజ కూడా చేయించామండీ. దానికేం కాదు, గుండ్రాయిలా ఉంది!" అన్నారు యజమాని. గేటు దగ్గరే నిలబడి అరుస్తున్నారు.

బాయిలర్ చూసే యేసుపాదం బాబాయి స్టూలు మాత్రం సరిగ్గా ఆ క్లాంపు కిందే ఉంది.

"అయితే లోపలికి రండి. బాబాయి స్టూలు మీద కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాను.

ఆయన రాలేదు. అక్కడి నుంచే బాయిలర్ ఆపమని కేకేశారు.

రేపు పైపు మారుస్తారట. పాత క్లాంపు మాత్రం పారేయరట, అరిష్టమట. మీ దగ్గర కూడా ఇలా బొట్టు పెట్టించుకుని స్థిరపడిపోయిన తాత్కాలిక ఏర్పాట్లు ఉన్నాయా? వాటి కింద ఎవరి స్టూలు ఉందో కూడా చెప్పండి.