ఎడమ కడ్డీ, కుడి అక్షరం

మొన్న పెబ్బేరు సంత రోడ్డు మీద చాయ్ తాగుతుంటే ఎదురుగా ఒక పికప్ బండి గుంతలో దిగింది. ముందు భాగం నుంచి ధన్‌మని మొద్దు చప్పుడు వచ్చింది. బండి బరువంతా కింది రబ్బరు బిళ్ల మీద పడితే వచ్చే చప్పుడది. చేతిలో గ్లాసు ఉందన్న సంగతి మరిచి నా మణికట్టు పానా తిప్పినట్టు తిరిగింది. చాయ్ ధోవతి మీద ఒలికింది. పక్కనున్నవాళ్లు వయసు మీద పడి చెయ్యి వణికిందనుకున్నారు. నా చెయ్యి వణకదు. అది తిమ్మప్ప ఉస్తాద్ తయారుచేసిన చెయ్యి.

తిమ్మప్ప గద్వాలలో మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. నేత వదిలి ఇనుములోకి వచ్చి, పెబ్బేరులో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. నేను ఉప్పునుంతల దిక్కు మెట్ట రైతును. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో వానలు ముఖం చాటేస్తే చేను కౌలుకిచ్చి ఆయన దగ్గర చేరాను. అప్పటికే నాకు నలభై దాటాయి, మీసం నెరిసింది, ఒక్క అక్షరం రాదు. ఉస్తాద్ నాకన్నా బాగా చిన్నవాడు. అన్నా అని పిలుస్తూనే తిట్టేవాడు. నా పని సామాను కడగడం. సంతకొచ్చిన మా ఊరివాళ్లు నన్ను చూసి, "ఏం నాగయ్యా, ఎడ్లను కడిగేటోనివి, గిప్పుడు నట్లు కడుగుతున్నవా" అని నవ్వేవాళ్లు. ఆ నవ్వు ఇంటికి పోయినా చెవుల్లోనే ఉండేది. వచ్చే వానలలోపు ఒక బండైనా నా చేతికి రాకపోతే వెనక్కి పోయి కూలి చేసుకుంటానని భార్యతో చెప్పాను. ఉస్తాద్‌తోనూ చెప్పాను. "పో, ఎవరు పట్టుకున్నరు. పొయ్యేముంగట ఆ డబ్బాల నట్లు కడిగి పో" అన్నాడు. నోరు అలాంటిది ఆయనది. కానీ మరునాడే నన్ను బండి కిందికి పిలిచాడు.

అప్పటి పికప్ బండ్లలో చాలావాటికి ముందు చక్రాల దగ్గర బరువు మోసే కమాన్ పట్టీలు ఉండేవి కావు. వాటి బదులు రెండు వైపులా చాసిస్ వెంట వెనక్కి పోయే పొడుగు ఉక్కు కడ్డీలుండేవి. టార్షన్ బార్ అంటారు. చక్రం పైకి లేస్తే కడ్డీ మెలిపడుతుంది, మళ్లీ విప్పుకోవాలని చూస్తుంది. దాని ఆ పంతం మీదే బండి ముక్కు నిలబడుతుంది. ఇదంతా ఉస్తాద్ నాకు ఇలా చెప్పలేదు. జేబులోంచి నూలుపోగు తీసి తొడ మీద పెట్టి అరచేత్తో రుద్దాడు.

"ఏమైందన్నా?" అని అడిగాడు.

"పురి ఎక్కింది."

"గంతే. నూలుకు పురి, కడ్డీకి పురి. ఎన్కాల బోల్టు బిగిస్తే పురి ఎక్కుతది, ముక్కు లేస్తది. వదిలితే దిగుతది. ఇటు మెలేసినదాన్ని అటు మెలేస్తే?"

"ఇప్పుకపోతది."

"కడ్డీ ఇప్పుకపోదు గని సస్తది. బండిని మోయదు."

అందుకే ఏ వైపు కడ్డీకి ఆ వైపు పురి కంపెనీలోనే ముందు అలవాటు చేసి, కొసన ఇనుములోనే అక్షరం కొట్టి పంపుతారు. ఎడమదానికి ఎల్, కుడిదానికి ఆర్. చూపుకు రెండూ కవల పిల్లలే. నాకు అక్షరాలు తెల్వవన్నాను. ఉస్తాద్ నా వేలు పట్టుకుని ఆ గుంటల మీద తిప్పాడు. "కండ్లతోని ఎవరు సదువమన్నరు? ఏలితోని సదువు" అన్నాడు. అట్లా అ ఆల కన్నా ముందు ఎల్, ఆర్ నా వేలికి ఎక్కాయి. టేపు మీది అంకెలు కూడా రావు గనుక నూలుకు ఒక ముడి వేసిచ్చాడు. చక్రం నడిమి నుంచి పైన మడ్‌గార్డు అంచుదాకా నూలు పట్టి చూడాలి. రెండు వైపులా అంచు ముడికి ఒకే తీరుగా రావాలి. "ఎంత అన్నది నాకొద్దు. సమానమా, కాదా? గది చెప్పు" అనేవాడు.

వానలు దగ్గరపడుతుండగా ఖిల్లా ఘణపూర్ నుంచి ఒక ఎడ్ల బేరగాడు బండి తెచ్చాడు. ముందు భాగమంతా కుంగింది, ఎడమ దిక్కు మరీ వంగింది. ఎక్కడో కడ్డీలు విప్పి బిగించారట, అప్పటినుంచి ఇంతేనట. ఉస్తాద్ నా దిక్కు చెయ్యి చూపించాడు. బేరగాడు నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఉస్తాద్, నువ్వు పట్టు. ఈ ముసలాయనకు అప్పజెప్తే నా బండిని నాగలికి కడ్తడు."

"ఇయ్యాల బండి ఆయనది. ఇష్టముంటే ఉండు, లేకుంటే తోలుకపో" అని ఉస్తాద్ పాత టైరు మీద కూర్చున్నాడు. నేనడిగిన బండి ఇదేనని నాకర్థమైంది.

ముందుగా వెనక ఉన్న గడ్డిమోపులు దించమన్నాను. "ముక్కు వంగిందంటే నడుము ఖాళీ చెయ్యమంటడేంది" అని బేరగాడు గొణుగుతూ దించాడు. బండిని చదును నేల మీదికి తెచ్చి, రెండు టైర్ల గాలి సరిచేసి, స్టీరింగు తిన్నగా పెట్టి నూలు పట్టాను. ఎడమ వైపు రెండు వేళ్లు తక్కువ వచ్చింది. జాకీ ఎత్తి, బరువు తీసి, బోల్టు బిగించబోయాను. బోల్టు ఎప్పుడో కడదాకా బిగిసి ఉంది. కుడి వైపు చూస్తే అదీ అంతే. ఇంక బిగించడానికి జాగా లేదు.

"అయిపాయె నీ మేస్త్రీతనం" అన్నాడు బేరగాడు.

నేను బండి కింద పడుకుని కాసేపు కడ్డీని చూస్తూ ఉండిపోయాను. ఇంత పురి ఎక్కించినా ఎందుకు మోయడం లేదు? తొడ మీద నూలు గుర్తొచ్చింది. కిరోసిన్ గుడ్డతో ఎడమ కడ్డీ కొస తుడిచి వేలు పెట్టాను. నిలువు గీత తగిలింది. దాని పైన గుండ్రంగా తిరిగి, కిందికి కాలు చాపింది. కుడి దిక్కు పాక్కుంటూ పోయి అదీ తుడిచాను. నిలువు గీత, అడుగున అడ్డ గీత, అంతే.

"ఉస్తాద్, ఎడమకు ఆర్ ఉన్నది. కుడికి ఎల్ ఉన్నది. ఇటుది అటు ఏసిన్రు."

"సక్కగ చూసినవా?"

"చూసుడు కాదు. సదివిన."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే కొత్తగా వినిపించింది. నన్ను గురించి నేను ఆ మాట అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఉస్తాద్ టైరు మీద నుంచి లేచాడు. బేరగాని దిక్కు తిరిగి, "మా మేస్త్రీ చెప్పిండు గదా. జర ఆగు, చాయ్ తాగు" అన్నాడు.

కడ్డీలు మార్చి, బోల్టులు సరిచేసి, బండిని ముందుకీ వెనక్కీ దొర్లించి కుదురుకోనిచ్చి, మళ్లీ నూలు పట్టాను. రెండు వైపులా అంచు ముడి మీదికే వచ్చింది. బేరగాడు సంత గుంతల్లో ఒక చుట్టు తిప్పుకొచ్చి, దిగి, గడ్డిమోపులు తనే ఎక్కించుకున్నాడు. పొయ్యేటప్పుడు మాత్రం, "పోయొస్త మేస్త్రీ" అని నాకే చెప్పాడు. మా ఊరివాళ్లు ఆ పొద్దు సంతలోనే ఉన్నారు. విన్నారు. ఆ వానాకాలం నేను కూలికి పోలేదు, ఆ తర్వాతా పోలేదు.

ఉస్తాద్ పోయి కొన్నేళ్లయింది. ఆ రెండక్షరాల ధైర్యంతోనే పెద్దల బడికి పోయి తెలుగు నేర్చుకున్నాను. ఆయన నూలు ఎప్పుడో చీకిపోయింది. ముడి మాత్రం కొత్త నూలుకు వేసుకుంటూ వస్తున్నాను. మొన్న చాయ్ ఒలికినప్పుడు కూడా అది జేబులోనే ఉంది. ఆ పికప్ డ్రైవర్ను ఆపి, చక్రానికి నూలు పట్టి చూపించి, "కడ్డీల కొసలు తుడిచి సదువుకో బిడ్డా" అని చెప్పి పంపాను.

ఇది రాస్తుంటే మనవరాలు కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమింది. "తాతా, గింత ఒత్తి రాస్తవేంది? అచ్చరాలు ఎన్కాలకు గూడ దిగినయ్" అంది.

"నేను ఇనుము మీద నేర్సుకున్న బిడ్డా" అన్నాను. "ఎంత మట్టి పట్టినా, తుడిస్తే కనవడాలె."