గుడ్డిపూలు పూసిన చేను

నేను కాలువ కింది ఊరి పిల్లను. కరీంనగర్ వైపు మా బాపు చేనుకు నీళ్లు కావాలంటే మడవ తిప్పేవాడు, అంతే. ఉట్నూర్ దాటి ఈ నల్లరేగడి ఊరికి కోడలిగా వచ్చాకే, దాహంతో ఉన్న పత్తిచెట్టు ఎలా ఉంటుందో చూశాను.

ఆ ఏడు వానలు ముందే మొహం చాటేశాయి. కాలు ఇరుక్కునేంత వెడల్పున నేల నెర్రెలు బారింది. ఒక పొద్దున చేనుకు పోతే చెట్ల కింద మొగ్గలు, బఠానీ గింజంత పిందెలు రాలి ఉన్నాయి. ఎవరి మేకలో పడ్డాయనుకుని తిట్లు మొదలుపెట్టాను. నా నోరు అలాంటిది. మా అత్త నవ్వింది.

"మేకలు గాదు పిల్లా, చెట్టే ఇడుస్తున్నది. నీళ్లు లేకపాయె, అన్నిటిని ఎట్ల సాకుతది?"

వంగి చూశాను. నిజమే. ముదిరిన కాయ ఒక్కటీ రాలలేదు. నిన్నమొన్న పుట్టినవే రాలాయి. ఉన్న కాస్త తడినీ చెట్టు కింది కాయలకు పెట్టుకుని, పైన పసివాటిని వదిలేస్తోంది. నోరూ వాయీ లేని చెట్టుకు ఈ లెక్క ఎవరు నేర్పారు? పిల్లల తల్లిని కదా, ఆ పిందెల్ని తొక్కకుండా పక్కనుంచి నడిచాను.

మా ఆయన అప్పుడు గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. "పైకాపు చేతికొస్తే ఇగ పోను, ఈడనే ఉంట" అని ఒకరోజు అన్నం దగ్గర అన్నాడు. వడ్డిస్తున్న అత్త చెయ్యి ఆగిపోయింది. ఆ మాట తర్వాత మా ఇంట్లో అందరికీ ఒకటే పని, చెట్ల కొసల కేసి చూడటం.

మొదటి పత్తి తీసే రోజు, ఇక్కడి ఆనవాయితీ ప్రకారం అత్త చేనులో ఒక చెట్టు మొదట్లో రాళ్లు నిలిపి సీతాదేవికి పెరుగన్నం పెట్టింది. కిందికాపు తెల్లగా, మచ్చ లేకుండా వచ్చింది. పైన రాలకుండా నిలిచిన కాయలు మాత్రం ఎదగలేదు, పగలలేదు. పచ్చగా గిడసబారి అలాగే ఉండిపోయాయి.

ఊళ్లో కొందరు అప్పటికే చెట్లు పీకేస్తున్నారు. కాపు అయిపోయాక కూడా పత్తిని ఉంచితే గులాబీ రంగు పురుగు తిష్ఠ వేస్తుందని వ్యవసాయ అధికారి చెప్పిపోయాడు. మేమూ విన్నాం. వినీ, వాగులో మిగిలిన మడుగుకు ఇంజను పెట్టి చేను తడిపాం. తెలియక చేసిన పని కాదది. మనిషి ఇంటిపట్టున ఉంటాడన్న ఆశతో చేసింది.

నీళ్లు తాగిన చేను చేసిన సంబరం నేను మరిచిపోలేను. వడలిన ఆకులు లేచాయి. చిగుళ్లు వచ్చాయి. అయిపోయిందనుకున్న పూత మళ్లీ మొదలైంది. "సూడుండ్రి, ముసల్ది మల్ల పెండ్లిపిల్ల అయ్యింది" అని అత్త చేనును ఎకసెక్కం చేసింది. నేనైతే పుట్టింటికి ఫోన్ చేసి, మీ కాలువ ఏం గొప్ప, వచ్చి మా చేను చూడండని కోతలు కోశాను.

నెల తిరిగేసరికి కొత్త కాయలు నిండుకున్నాయి. వాటి నడుమ కొన్ని పూలు మాత్రం విచ్చుకోలేదు. రేకులు ఒకదానికొకటి మెలిపడి మూసుకునే ఉన్నాయి. వీటిని గుడ్డిపూలు అంటారు. మా ఆయన ఒకదాని మెలిక విప్పాడు. లోపల ఒక పురుగు, తన నోటి దారంతో రేకుల్ని కుట్టుకుని కూర్చుంది. ఆయన వెంటనే పక్కనున్న నిండు కాయ తెంపి చీల్చాడు.

బయట ఒక్క రంధ్రం లేదు. నున్నగా, చేతికి బరువుగా ఉంది. లోపల గింజ గింజా తొలిచేసి ఉంది. దూది పచ్చబారి గడ్డకట్టింది. నడుమ లేత గులాబీ రంగులో అది. గుడ్డులోంచి బయటపడ్డప్పుడు కంటికి ఆనదు. కాయ లేతగా ఉన్నప్పుడే దూరుతుంది. దూరిన గాయాన్ని కాయే మాన్పుకుంటుంది. తలుపు మూసుకున్న ఇంట్లో అది హాయిగా తిని పెరుగుతుంది. అసహ్యం వేయాల్సింది పోయి, గుడిలో నిలబడ్డప్పటి భయం లాంటిదేదో నన్ను పట్టుకుంది. కొత్త పూత లేకపోతే అది ఆకలికి చచ్చేది. ఆ పూతను మేమే నీళ్లు పెట్టి పూయించాం.

"గది పోనియ్, గీ కాయ సూడు" అంది అత్త. చీల్చాడు. పురుగు.

"గది నీడకున్నది కొడుకా. జర ఎండకున్నది తెంపు."

చీల్చాడు. అలా సాలు పొడుగునా ఆమె చూపిస్తూ పోయింది, ఆయన చీలుస్తూ పోయాడు. డొప్పలు నేల మీద పరుచుకున్నాయి. వెనక నడుస్తూ నేను, ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి మంచిది రావాలని మనసులోనే దండాలు పెట్టుకున్నాను.

సాలు చివర ఆయన చేతులు దులుపుకున్నాడు. అత్త వదల్లేదు. కొసనున్న పెద్ద కాయను తానే తెంపి, మా వైపు వీపు తిప్పి, పళ్లతో కొరికి చీల్చుకుంది. తర్వాత ఆ చెక్కలను మళ్లీ ఒకదానికొకటి ఆనించి, పగలని కాయలా పిడికిట్లో గట్టిగా నొక్కి పట్టుకుని ఇటు తిరిగింది.

"మంచిగున్నదా అవ్వా?" అని తల్లిని అడిగాడు ఆయన.

ఆమె పిడికిలి విప్పలేదు.

"టికెట్ తీస్కో కొడుకా" అంది.