బుడగలంటే పడని గున్వోర్

మా అమ్మమ్మ గున్వోర్‌కు దయ్యమంటే భయం లేదు, దేవుడంటే మొహమాటం లేదు. బుడగంటే మాత్రం పగ. సోడా కొంటే మూత తీసి మూడు రోజులు కిటికీలో ఉంచి, అది పూర్తిగా చచ్చాకే మనవలకు పోసేది.

"ఇది సోడానా అమ్మమ్మా? చక్కెర నీళ్లు!"

"నోర్మూసుకుని తాగండి. బుడగల్లో బలముంటే చేపలన్నీ పహిల్వాన్లయ్యేవి."

తప్పు ఆమెది కాదు, ఉద్యోగానిది. ఉప్సాలా ఊరి విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఒక యంత్రం ఆమె చేతికింద ఉండేది. అందులో గాజుబిళ్ల మీద వెంట్రుకలో వెయ్యోవంతైనా లేని బంగారు పూత. గాజు వైపు నుంచి వెలుగు వేస్తే, ఒక్క కోణంలో బంగారం దాన్ని గుటుక్కున మింగుతుంది. పూత మీదుగా పారే ద్రవంలోంచి మందు కణమో రోగపు కణమో దానికి అంటుకుంటే ఆ కోణం జరిగి, తెరమీద గీత నెమ్మదిగా పైకెక్కుతుంది. ద్రవంలో బుడగ దూరిందో, గీత తేలు కుట్టిన కోతిలా గెంతుతుంది. ఇంతకుమించి అడక్కండి, మా చదువు అక్కడిదాకానే.

అందుకే ఏ ద్రవం కనబడినా "గాలి తీశావా?" అనేది. పసిదానికి బాప్తిస్మమిస్తున్న పాస్టర్‌నూ అడిగింది.

ఒక ఏడు, అక్కడ పరిశోధన చేస్తున్న టూవ అనే అమ్మాయి డాక్టరేటు పుస్తకం మర్నాడు అచ్చుకు పోవాలి. అక్కడి ఆచారం ప్రకారం, అచ్చయిన పుస్తకాన్ని విశ్వవిద్యాలయం గోడమీది చెక్కపలకకు మేకు కొట్టి వేలాడదీస్తేగానీ పరీక్ష జరగదు. ఇంకొక్క పొరపాటు చేస్తే పరీక్ష వచ్చే ఏడాదికేనని ఆమె ప్రొఫెసర్ స్టెల్లాన్ అప్పటికే ఆమెను హెచ్చరించాడు.

కాఫీ వేళకు ఆయన చివరి ప్రయోగపు గీత ఉన్న కాగితం పట్టుకొచ్చాడు. మధ్యలో కోతిగెంతు!

"ఈ ద్రావణం కలిపిందెవరు?"

టూవ ముఖం పాలిపోయింది.

"నేనే, స్టెల్లాన్," అంది గున్వోర్. "గాలి తీయడం మరిచాను."

స్టెల్లాన్ చేతిలోని దాల్చినచెక్క బన్ను కాఫీలో మునిగింది. "నువ్వా? గున్వోర్, నువ్వా?"

"ముసలిదాన్నయ్యాను. సాయంత్రంలోగా ప్రయోగం మళ్లీ నడిపిస్తాంలే."

ఆయన వెళ్లగానే టూవ బావురుమంది. "నా తప్పు మీదేసుకుని ముప్పై ఏళ్ల పేరు పాడుచేసుకున్నావు కదా!"

"పోతే పోయింది. నా మొదటి బుడగకు నేను వారం రోజులు ఏడ్చాను. మరొకరు ఏడవకూడదనే ఇంత సతాయించేది. ముక్కు తుడుచుకో, గాలి తీసే పంపు పెట్టు."

సాయంత్రం గీత నిద్రలేచిన పిల్లిలా తీరిగ్గా లేచింది. పుస్తకం అచ్చయింది. మేకు కొట్టే రోజున అందరూ చుట్టూ నిలబడ్డారు. టూవ సుత్తి ఎత్తి ఒక్కటేసింది. మేకు కొక్కెంలా వంగిపోయింది.

అప్పుడే వచ్చిన స్టెల్లాన్ కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇదెవరు వంచారు?"

గున్వోర్ నోరు తెరిచింది.

"నేనే!" టూవ పలక దద్దరిల్లేలా అరిచింది. "ఈసారి నేనే!"