నేను తుడిచేసిన పాట

తొమ్మిదో తరగతిలో బడి మానేసి, మార్కాపురంలో పలకల పనిలో చేరినవాణ్ణి నేను. నాకు చదువు అబ్బకపోయినా ఊళ్లో పిల్లలందరికీ పలకలు చేసిచ్చాను!

గొర్రెలు కాస్తూ నాయన పాడుకునే పాటను కాలేజీ పోటీకి రికార్డు చేయాలని డిగ్రీ చదివే మా చెల్లెలి ఆశ. ఎవరి గొంతు వాళ్ల ట్రాక్‌లో విడిగా పడే సాఫ్ట్‌వేర్ కావాలి. విద్యార్థులకు తగ్గింపు ధరకిచ్చేది కొందామంది.

"ఊరికే వచ్చేదుండగా కొనేదేంది పాపా?" అని ఉచితంగా దొరికేదే పెట్టించాను. దాంట్లో మూడు ట్రాకులే.

నాయన పాట, చెల్లెలి వంత, నా తాళంతో మూడూ నిండిపోయాయి. నాకేమో మధ్యలో నాలుగు వేళాకోళం మాటలు కలపాలని సరదా. నాయన పాటలో దగ్గు ఎక్కువైందని ఆ ట్రాక్ తుడిచేసి, నా మాటలు పెట్టాను. పలకలవాణ్ణి కదా, తుడిచి మళ్లీ రాయడం అలవాటు. మైకు పక్కనే కూర్చున్న నాయన నేను మాట్లాడినంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు.

"రేపు మళ్లీ పాడుదువులే నాయనా" అన్నాను.

"అట్లనే లేరా" అన్నాడు.

మర్నాడు గొర్రెల దగ్గరే గుండె ఆగి పోయాడు. ఆ పాట ఇంకెక్కడా లేదు, మా ఫోన్లలో కూడా.

దినాలయ్యాక చెల్లెలు ల్యాప్‌టాప్ తెరిచింది. నా మాటలు వినపడగానే సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆ సోది తీసెయ్ పాపా" అంటూ చెయ్యి చాపాను.

చెల్లెలు నా చెయ్యి తోసేసింది.

"నీ సోది ఎవరికి కావాలన్నా? వెనకాల నాయన నవ్వుతుండాడు. నన్ను విననీ!"