సద్దుల బతుకమ్మకు షాబాదు బండలు

ఇది చదివేటప్పుడు మీ చేతిలో చాయ్ గ్లాసుంటే కింద పెట్టండి. మీరు నవ్వి, చాయ్ మీదేసుకుంటే ఆ పాపం నాకొద్దు. నాకున్నవి చాలు. సద్దుల బతుకమ్మ నాడు మా బిల్డింగులో ఆడవాళ్ళెవరికీ తీపి లేకుండా చేయబోయిన మహాతల్లిని నేను. అదీ చక్కెరకు కరువొచ్చి కాదు. నా వేలికి కొత్తగా తెలివొచ్చి.

వేలికి తెలివేమిటంటారా? నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. మా కోడలు స్వాతి నేర్పింది. ఆ వయసులో అందరూ మోకాళ్ళ నొప్పులు తెచ్చుకుంటారు. నేను వాటితోపాటు గుణింతాలు కూడా తెచ్చుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా చదువొచ్చిన ముసలమ్మ పొద్దూ ఎరగదు, చోటూ ఎరగదు. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేలోపు కిటికీలోంచి కనబడిన బోర్డల్లా పైకి చదివేదాన్ని. కోచింగ్ సెంటర్లు, చీరల దుకాణాలు, ఆపరేషన్ లేకుండా మొలలకు వైద్యం, అన్నీ.

"అత్తమ్మా, జర మెల్లగ! మొలల సంగతి రైలు మొత్తానికి చెప్పాల్నా?" అని స్వాతి నా కొంగు గుంజేది.

చదవడం అయ్యాక రాయడం పట్టుకుంది. అసలు ప్రమాదం అక్కడుంది. మా బిల్డింగు ఆడవాళ్ళకు ఫోన్లో ఒక గ్రూపుంది. అంతవరకు నేను అందులో చేతులు జోడించే బొమ్మలు పెట్టి బతికినదాన్ని. సొంతంగా ఒక్క మాటైనా రాసి అందరి చేతా చదివించాలని కడుపులో ఒకటే ఆరాటం.

ఇక్కడ మీకు మలీద గురించి చెప్పాలి. సద్దుల బతుకమ్మ నాడు పూలు పేర్చి, ఆడి, పాడి, బతుకమ్మను సాగనంపి వచ్చాక రకరకాల సద్దులు పంచుకుంటాం కదా. దానికి తోడు తీపి మలీద. రొట్టెలు గట్టిగా కాల్చి, దంచి, బెల్లమూ నెయ్యీ కలుపుతాం. ప్రతి ఏడూ అది నా వంతు. ప్రతి ఏడూ మా బిల్డింగు పిల్లలు నా గిన్నెను చూసి, పరీక్ష పేపరును చూసినట్టు పక్కకు తప్పుకునేవాళ్ళు. పై అంతస్తు రత్నకుమారి వదిన గోదావరి వైపు మనిషి. ఆమె తెచ్చిన కాజాల మీద మాత్రం చీమల్లా పడేవాళ్ళు. నేను బయటికి నవ్వేదాన్ని. లోపల నా కడుపు కాజా వేగినట్టు వేగేది.

అలాంటి రోజుల్లో స్వాతి ఇంట్లో బ్రౌనీలు చేసింది. చాక్లెట్టూ జీడిపప్పూ వేసిన నల్లటి ముక్కలు. బిల్డింగు పిల్లలు ముక్కలు తిని, ట్రే నాకి, ట్రే కడిగిన నీళ్ళ వంక కూడా ఆశగా చూశారు. నా బుర్రలో దీపం వెలిగింది. వెలిగిన దీపాన్ని చేతిలో పట్టుకుని తిన్నగా బావిలో దూకాను. అంటే, గ్రూపులో ఇలా రాశాను:

"సద్దుల బతుకమ్మకు తీపి నాది. నా చేతులతోటి బ్రౌనీలు చేస్తున్న. ఇంకెవ్వరు తీపి చెయ్యొద్దు. ఇట్లు సత్తెమ్మ."

క్షణంలో పువ్వులు, చప్పట్లు, దండాలు. రత్నకుమారి వదిన కూడా రాసింది: "అలాగేనండీ వదినగారూ. అయితే ఈసారి నేను కాజాలు మానేస్తాను."

నేను రాస్తే ఒక మనిషి కాజాలు మానేసింది! చదువుకింత బలముందని తెలిస్తే చిన్నప్పుడే బడికి పోయేదాన్ని.

స్వాతి ఫోను చూసుకుంటూ వంటింట్లోకి వచ్చింది. "అత్తమ్మా, ఎవ్వరు చెయ్యొద్దని ఎందుకు రాసినవు?"

"రాయనొస్తది గనుక రాసిన."

"ఒక్కనాడన్న బ్రౌనీ చేసినవా? పండుగ పూట తీపి లేకపోతె అందరి మొఖం ఎట్ల చూస్తం? తీసెయ్ ఆ మెసేజ్."

"నోటితోని అన్నదైతే అనలేదంటుంటి. రాసినదాన్ని ఎట్ల కాదంటనే? పువ్వులు గూడ పెట్టిన్రు."

పండుగ రానే వచ్చింది. స్వాతికి సగం పూట డ్యూటీ. స్కూటీ ఎక్కే ముందు నాకు ఉపదేశం చేసింది. "గుడ్డు లేకుంట పెరుగుతోని చెప్పిన కదా, అట్లనే కలుపు. మన ఓవెన్ల ఒక్క ట్రేనే పడ్తది, అందరికి సాలదు. చాంద్ భాయ్ భట్టీకి తీస్కపో. నడుమ జర మెత్తగున్నప్పుడే తియ్యాలె. సల్లారినంక అదే గట్టిపడ్తది. నువ్వు మాత్రం సొంత తెలివి పెట్టకు."

"నాకు చెప్తవా? నువ్వు పుట్టకముందు నుంచి ఇడ్లీలు ఏస్తున్న."

"అదే నా భయం అత్తమ్మా" అని వెళ్ళిపోయింది.

పిండి కలపడం గొప్పగా సాగింది. స్వాతి బాదం, జీడిపప్పు, ఆక్రోట్, కిస్‌మిస్, ఖర్జూరం, అంజీరు గుప్పెడు గుప్పెడు వేయమంది. గుప్పెడంటే ఎవరి గుప్పెడు? దాని గుప్పెడు పిచ్చుకంత. పండుగ పూట పిసినారితనమేమిటని రెండు చేతులా పోశాను. చివరికి పిండిలో పప్పులున్నాయో పప్పులకు పిండి అంటిందో తెలియలేదు. గరిటె నిలబెడితే జెండా కర్రలా నిలబడింది.

చాంద్ భాయ్ బేకరీ మా గల్లీ చివర. మా వైపు పండుగలొస్తే ఎవరింట్లో వాళ్ళు పిండి కలుపుకుని తెస్తారు, ఆయన భట్టీలో పెట్టి బిస్కెట్లు కాల్చి ఇస్తాడు. నా ట్రేలు లోపలికి పోయాయి. కొంతసేపటికి గల్లీ అంతా ఘుమఘుమ. చాంద్ భాయ్ పొడుగు కర్రతో ట్రే బయటికి లాగాడు.

"తీస్కో అమ్మా, అయిపోయింది. ఏక్‌దం ఫస్ట్ క్లాస్."

నేను కొంగు ముడి విప్పి పుల్ల తీశాను. మా ఇంట్లో ఇడ్లీ ఉడికిందో లేదో గుచ్చి చూసే పుల్ల. నడుమ గుచ్చాను. నల్లగా, తడిగా, బంక బంకగా వచ్చింది.

"ఏంది భాయ్, పచ్చిగనే ఉంది!"

"పచ్చి కాదమ్మా, అది చాక్లెట్. కరిగింది. సల్లారితె సెట్ అయితది."

"పచ్చిపిండి తినిపించి బిల్డింగు మొత్తాన్ని దవాఖానల పండవెడ్తమా? మల్ల పెట్టు."

పెట్టాడు. తీశాడు. గుచ్చాను. మళ్ళీ తడే. చాక్లెట్టు ముక్కలు వేసిన పిండిలో ఎక్కడ గుచ్చినా చాక్లెట్టు అంటుతుందని మీకు తెలుసు, చాంద్ భాయ్‌కి తెలుసు, గల్లీలో పడుకున్న కుక్కకు కూడా తెలుసేమో. నాకు ఇడ్లీ ఒక్కటే తెలుసు.

"మల్ల పెట్టు."

"అమ్మా, నా మాట ఇను. మాడుతది."

"ఇడ్లీ ఎంతసేపు పెడితె మాడుతది? చెప్పు!"

"ఇడ్లీకి నీళ్ళుంటయమ్మా. ఇది నిప్పు! నేను చిన్నప్పటి సంది గీ భట్టీ ముందలనే ఉన్న."

"నేను పొయ్యి ముందల లేనా? పెట్టు!"

చాంద్ భాయ్ పైకి చూసి, చేతులెత్తి, "ఠీక్ హై. బ్రౌనీ మీది, భట్టీ నాది, నసీబ్ తినేటోళ్ళది" అని ట్రేలు లోపలికి తోశాడు.

ఎన్నిసార్లు పెట్టించానో లెక్క లేదు. చివరికి పుల్ల శుభ్రంగా వచ్చింది. ఎందుకంటే లోపలికి పోలేదు. రెండు ముక్కలై సగం నా చేతిలో, సగం చాంద్ భాయ్ గడ్డంలో పడింది.

"చూసినవా? ఇప్పుడైంది" అన్నాను.

"అయిందమ్మా. మొత్తం అయిపోయింది" అన్నాడు ఆయన. ఆ గొంతులో ఉన్నది మెచ్చుకోలు అనుకున్నాను. పరామర్శ అని ఇంటికొచ్చాక అర్థమైంది.

ఇంట్లో పైపైన చల్లారబెట్టి చాకు పెట్టాను. దిగలేదు. నొక్కాను. చాకు వంగి నా వంక చూసింది. కత్తిపీట తెచ్చాను. కత్తిపీట కదిలింది కానీ బ్రౌనీ కదల్లేదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. బ్రౌనీ విషయంలో ఒక్క పన్ను పణం పెట్టాలి. అంచు కొరికాను. నా దవడలోంచి వచ్చిన చప్పుడుకు బాల్కనీలో పావురం ఎగిరిపోయింది.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర రత్నకుమారి వదిన. "వదినగారూ! కమ్మటి వాసన పైదాకా వచ్చేసిందండీ. ముక్కలు కోసేశారా? ఒక్కటి రుచి చూడనివ్వరూ?"

గబుక్కున ట్రే మీద చీర కప్పి, దాని మీద కూర్చున్నాను. "ఇంకా... నైవేద్యం కాలే వదినా. నైవేద్యం కాకుంట ఎట్ల ఇస్త?"

"అవునవును, నిజమే. మరి మీరు కింద కూర్చున్నారేంటి, మోకాళ్ళ నొప్పులతో?"

"చల్లగుంటదని."

చల్లగా ఎక్కడుంది! లోపల ఇంకా నిప్పులా ఉంది. ఆమె మెట్లెక్కేదాకా చిరునవ్వు చెదరకుండా కూర్చున్నాను చూడండి, అదీ తపస్సంటే.

మధ్యాహ్నం స్వాతి వచ్చింది. ట్రే తట్టి చూసింది. ఠంగుమంది. నా మొహం చూసింది, ట్రే చూసింది.

"అత్తమ్మా, ఇవి బ్రౌనీలు కావు, షాబాదు బండలు. వాకిట్ల పరుచుకోవచ్చు."

నాకు ఏడుపొచ్చింది. "నవ్వకే. నా మాట మీద ఎవ్వరు తీపి చెయ్యలే. పిల్లలు ఆశతోని ఉన్నరు. ఇయ్యాల ఆ మెసేజ్ నా మొఖాన కొడ్తరు. ఎందుకు నేర్పినవే నాకు రాసుడు!"

"స్వీట్ షాపుకు పోదాం పా."

"నా చేతులతోటి అని రాసిన కదనే!"

గట్టి రొట్టె ముందర పెట్టుకుని మా అమ్మ, అమ్మమ్మ ఏం చేసేవాళ్ళు? ఏడ్చేవాళ్ళా? దంచేవాళ్ళు! ఊరి నుంచి తెచ్చుకున్న రోలూ రోకలీ బాల్కనీలోకి లాగాను. రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవకూడదంటారు. నేను తలకు బదులు బ్రౌనీ పెట్టాను. దెబ్బకు వెరవనిది అది. వేస్తే రోకలి ఎగిరింది. మళ్ళీ వేశాను. కింది అంతస్తు నుంచి ఒకామె కేకేసింది: "పైన బోరేస్తున్నరా ఏంది, పండుగ పూట?"

పొద్దువాలే వేళకు నేనూ స్వాతీ మోచేతుల దాకా చాక్లెట్టు పొడితో బొగ్గు గనిలోంచి వచ్చినట్టున్నాం. పొడిలో ఇంత బెల్లం, కాచిన నెయ్యి పోసి కలిపాను. నోట్లో వేసుకుంటే కమ్మగానే ఉంది. మాడిన వాసన బెల్లానికి భయపడి దాక్కుంది. కానీ ఎంత కలిపినా అది మలీదే. పిల్లలు పారిపోయే మలీదే!

బతుకమ్మ ఆడాం. పూలను సాగనంపి వచ్చి సెల్లార్‌లో గుండ్రంగా కూర్చున్నాం. ఆటంతా నా కాళ్ళు ఆడాయి కానీ నా మనసు గిన్నె దగ్గరే ఉంది. నిమ్మకాయ సద్ది, నువ్వుల సద్ది, పెరుగు సద్ది అయ్యాయి. ఇక తీపి. అందరి కళ్ళూ నా మీద. గిన్నె మూత తీసి, "అమ్మా, బ్రౌనీలు జర... రూపం మారినయి" అన్నాను.

సెల్లార్‌లో బండ్లు కూడా ఊపిరి బిగబట్టాయి.

అప్పుడు రత్నకుమారి వదిన మెల్లగా దగ్గింది. పూల పళ్ళెం కింది నుంచి ఒక స్టీలు డబ్బా బయటికొచ్చింది. "అంటే... తప్పుగా అనుకోకండి వదినగారూ. నూనె మిగిలిపోయిందని నాలుగు కాజాలు వేశానంతే."

ఆమె మాట పూర్తి కాకముందే రెండో అంతస్తు సునీత సంచిలోంచి నువ్వుల ముద్దలు తీసింది. "పిల్లలు అడిగిన్రని చేసిన పెద్దమ్మా." బోరనుకున్నామె కొబ్బరి లడ్డూలు తీసింది. ఇంకొకామె సత్తుపిండి, ఇంకొకామె పూర్ణాలు. కొంగుల కింది నుంచి, కుర్చీల వెనక నుంచి, ఒకావిడైతే కారు డిక్కీలోంచి డబ్బాలు బయటికొస్తూనే ఉన్నాయి. మా బిల్డింగు చరిత్రలో ఏ సద్దులకూ అన్ని తీపులు లేవు.

నేను నోరు తెరిచాను. "అంటే... మీరెవ్వరు నా మెసేజ్ నమ్మలేదా?"

"నమ్మామండీ, ఎందుకు నమ్మం" అంది రత్నకుమారి వదిన. "నమ్మాం కాబట్టే భయమేసింది."

నేను స్వాతి వైపు తిరిగాను, ఒక్క మనిషైనా నా పక్కనుంటుందని. స్వాతి తల వంచుకుని స్కూటీ సీటు ఎత్తి మిఠాయి డబ్బా తీసింది.

"నువ్వు గూడనా? ఎప్పుడు కొన్నవే?"

"పొద్దున అత్తమ్మా. డ్యూటీకి పోయేటప్పుడు."

"పొద్దునా? అప్పటికి నేను పిండి గూడ కలపలే కదనే!"

"అందుకే కొన్న."

సెల్లార్ కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. పొద్దుట నుంచి పరువు పోతుందని నేను పడ్డ పరేషాన్ అంతా ఉత్తదే. నా మెసేజ్‌ను నిండా నమ్మిన మనిషి ఆ బిల్డింగులో ఒక్కతే. అది నేను.

ఇంతకీ మలీద ఏమైందంటారా? పిల్లలు ముందు వాసన చూశారు, తర్వాత వేలు పెట్టారు, తర్వాత గిన్నె ఎత్తుకుపోయారు. "ఎట్ల చేసిన్రు పెద్దమ్మా?" అని సునీత అడిగితే, "అదొక పాతకాలం పద్ధతిలే, శానా ఓపిక కావాలె" అన్నాను. నాకా, చాంద్ భాయ్‌కా అన్నది చెప్పలేదు. రోకలికి దొరకని బాదంపప్పు ఒకటి రత్నకుమారి వదిన పంటికి తగిలి కటుక్కుమంది. ఆవిడ మర్యాదస్తురాలు. "చాలా బాగుందండీ" అంది, దవడ పట్టుకుని.

ఆ రాత రాసిన వేలితోనే మరునాడు పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, గ్రూపులో ప్రతిజ్ఞ రాశాను: "బతుకమ్మ తల్లి మీద ఒట్టు. చాంద్ భాయ్ భట్టీ మీద ఒట్టు. ఇక నా జన్మల బ్రౌనీకి పుల్ల గుచ్చ. వండకముందు రాయ. ఒకరిని తీపి చెయ్యొద్దన. ఇట్లు సత్తెమ్మ."

అందరూ దండాలు పెట్టారు. నా కళ్ళు చెమర్చాయి. అంతలో రత్నకుమారి వదిన జవాబు వచ్చింది. కూడబలుక్కుని, పైకే చదివాను:

"చాలా సంతోషం వదినగారూ. అయినా వచ్చే ఏడు కూడా మా జాగ్రత్తలో మేముంటాం లెండి."