నీలం మందు చుక్క

మొన్న నా కంటి శుక్లం చూపించుకుందామని జనగామ దవాఖానకు పోతే, డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇంకా ముదరలేదు, నీలం మందు అవసరమే పడదని తేలిగ్గా చెప్పింది. ఆపరేషన్ థియేటర్ల ముప్పై ఏండ్లు నర్సుగా చేసిన నాకు, ఆ మాటతో మా అత్త యాదికొచ్చింది.

అత్తది పాలకుర్తి దగ్గరి పల్లె. శుక్లం కాయలెక్క పండినంకనే తీయించాలని ఆమె పట్టుదల. ఇంట్ల నర్సు కోడలుండి ఎంత మొత్తుకున్నా వినలేదు. పసరు పోయించుకొని ఒక కన్ను అప్పటికే పోగొట్టుకున్నది. ఉన్న ఒక్కటి గూడ గంజిలెక్క తెల్లబడేదాక ఆగింది. అంత తెల్లబడితే శుక్లం మీది పలుచని పొర డాక్టరుకు ఆనదు, కోత పక్కకు చీరిందంటే చూపుకే ముప్పు. అందుకే ఆ పొరకు నీలం మందు చుక్క అద్ది, కడిగేసి, అప్పుడు కోస్తరు.

తీరా ఆమె ఒప్పుకున్ననాడు తెలంగాణ కోసం సమ్మె, బస్సులన్నీ బంద్. మా ఆయన బండి మీద నేను పనిచేసే దవాఖానకు తీసుకొస్తుంటే, రోడ్డు మీద వంటావార్పు పెట్టినోళ్లు బువ్వ తినిపించందే కదలనియ్యలేదట! మనిషైతే వచ్చింది గానీ, హైదరాబాద్ నుంచి రావాల్సిన మందు రాలేదు.

అత్త ఇంటికి మళ్లితే ఇగ రాదని నా భయం. అల్మారాల చర్మం మీద గుర్తులు పెట్టే నీలం సీసా ఒకటుంటే తీసి, ఇది గూడ నీలమే గద సార్, ఒక్క చుక్కనే గదా అని ఆపరేషన్ చేసే డాక్టరును అడిగిన. ఎంత బుద్ధి తక్కువ పని! సార్ సీసా గుంజుకొని, "ఏంది సిస్టర్, ఆమెకున్నది ఒక్కటే కన్ను. ఇది లోపలికి పోతే కంటి ముందటి పొర పాడై మబ్బు పడతది, ఇగ ఆ మబ్బు పోదు" అన్నడు. 

నాలుగు రోజులు అత్తను క్వార్టర్లనే ఉంచుకొని, పోతా పోతా అని ఆమె, పోనియ్యనని నేను, పొద్దుమాపు కొట్లాటే. ఐదో రోజు అంబులెన్స్ డ్రైవర్‌ను బతిమాలి వరంగల్ నుంచి అసలు మందు తెప్పించినం. ఆపరేషన్ మంచిగైంది. తెల్లారి కట్టు విప్పంగనే నా రెండు చేతులు పట్టుకొని కండ్లకద్దుకున్నది. "నీ చేతులు సల్లగుండ బిడ్డా, గీ చేతులే నాకు చూపునిచ్చినయి" అని ఏడ్చింది.

ఇప్పుడు శుక్లం పండేదాక ఎవరూ ఆగుతలేరు, ఫోన్ కొడితే మందు గుమ్మంల దిగుతది, మంచిదే, కాదనను. కానీ ఆ తర్వాత ఆమె బతికిన పదేండ్లు, నేను ఎప్పుడు పోయినా అత్త ఆ చేతులే కండ్లకద్దుకునేది. ఆ సీసా తీసినవి గూడ ఇవే చేతులని చెప్పేటందుకు నోరు రాలేదు. ఇయ్యాల చెప్పే ధైర్యమున్నది, వినేటందుకు ఆమె లేదు.